రాజ్‌దూత్ ముందు భాగం: ఒరిజినల్ అంటే ఎవరి ఒరిజినల్?

(మా పల్లె బళ్ళు – 4వ భాగం)

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో పార్లమెంటు దాన్ని సవరించింది. 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. అప్పుడు సెక్షన్ 3(1)లో చేర్చిన కొత్త నేరాల్లో ఒకటి ఎప్పుడు చదివినా నాకు ఒళ్ళు మండుద్ది. బహిరంగ స్థలంలో దళితుణ్ణి సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కనివ్వకపోయినా, నడపనివ్వకపోయినా నేరం. చెప్పులు, కొత్తబట్టలు వేసుకోనివ్వకపోయినా నేరం. పెళ్ళి ఊరేగింపులో గుర్రం ఎక్కనివ్వకపోయినా నేరం. స్వాతంత్ర్యం వచ్చిన 68 ఏళ్ళకి "మోటారు సైకిల్" అనే మాటని ఒక అత్యాచారాల చట్టంలో ఎక్కించాల్సి వచ్చింది. చట్టసభల్లో కూర్చున్నవాళ్ళు ఇలాంటివి ఊహించి రాయరు. జరుగుతున్నాయి, లెక్కలేనన్ని ఫిర్యాదులు వచ్చాయి, తప్పక రాశారు.

పోయిన మూడు భాగాల్లో ఎడ్లబండి, సైకిలు, లూనా గురించి రాశాను. ఈసారి మోటారు సైకిలు. అదీ మొత్తం బండి కాదు, ముందు భాగం ఒక్కటే. హ్యాండిలు, డూము, ఫోర్కు, ముందు చక్రం. నెల రోజుల్నుంచి మా ఇంటి వసారాలో 1971 మోడల్ రాజ్‌దూత్ 175కి ముందు భాగం మారుస్తున్నాను. చూసిన ప్రతివాడూ ఒకటే మాట. "అన్నా, వింటేజ్ బండి. ఒరిజినల్‌గా ఉంచితే మంచి రేటు వచ్చుద్ది. ఎందుకు చెడగొడతన్నావ్?" ఆ ఒరిజినల్ అనే మాట దగ్గరే నాకు పేచీ. దానికి సమాధానం చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ముందు బాబాసాహెబ్ దగ్గరికే పోదాం. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన తన ప్రయాణాలు రాసుకున్నారు. 1901లో, చిన్నపిల్లాడు. సతారా నుంచి అన్న, మేనల్లుళ్ళతో కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగారు. కులం తెలిశాక ఒక్క ఎడ్లబండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. షరతు ఏంటంటే, బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. 1929లో చాలీస్‌గావ్‌లో ఇంకోటి. అప్పటికి ఆయన బారిస్టరు. అక్కడి టాంగావాడు టాంగా ఇస్తాను గానీ అంటరానివాణ్ణి కూర్చోబెట్టుకుని తోలనన్నాడు. తోలడం అలవాటు లేని మనవాడే పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు దగ్గర టాంగా తిరగబడి బాబాసాహెబ్ కాలు విరిగింది. రెండుసార్లూ బండి దొరికింది, తోలే మనిషి దొరకలేదు. మనకి బండి చరిత్ర అంటే పగ్గం చరిత్రే. మోటారు సైకిలుకి పగ్గం అంటే హ్యాండిలు.

ఇప్పుడు మా వైపుకి రండి. తెనాలి నుంచి రేపల్లె దాకా, అక్కణ్ణుంచి నగరం మీదుగా నిజాంపట్నం దాకా అంతా కృష్ణా కాలవల కింద భూమి. వరి డబ్బు చేతిలో ఆడే రోజుల్లో కామందుల ఇళ్ళ ముందు బండ్లు వచ్చాయి. ఎనభైల దాకా దేశంలో చెప్పుకోదగ్గ మోటారు సైకిళ్ళు మూడే. మద్రాసు తిరువొత్తియూర్‌లో 1955 నుంచి తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు, మైసూరులో 1961 నుంచి వచ్చిన జావా (తర్వాత అదే యెజ్డి), ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్. బుల్లెట్టు పెద్ద కామందులది, రాజ్‌దూత్ ఆ తర్వాతి వరసవాళ్ళది. పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, గట్ల మీద ప్రయాణం, దేనికైనా లొంగే బండి.

వాటి ముందు భాగం చూసే ఊరు ఎవరి బండో చెప్పేది. డూము మీద ఇంటిపేరు పొడి అక్షరాలు, ముందు మడ్‌గార్డు మీద నిలువుగా నంబరు ప్లేటు, హ్యాండిలుకి రంగు కుచ్చులు. అది ఎదురొస్తే మావాళ్ళు సైకిలు దిగి డొంక వారగా నిలబడేవాళ్ళు. వెలుగు పడకముందే శబ్దం విని దిగేవాళ్ళు కూడా ఉన్నారు. సాయంత్రం ఆ బండిని కాలవ రేవులో కడిగేది మావాళ్ళే. మా తాత కడిగాడు. కడిగినన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాని మీద కూర్చోలేదు.

రాజ్‌దూత్ డిజైను మనది కాదు. పోలండ్‌లో ఎస్.హెచ్.ఎల్. అనే కంపెనీ ఎం11 పేరుతో చేసిన బండిని ఎస్కార్ట్స్ ఇక్కడికి తెచ్చి 1960ల మొదట్లో రాజ్‌దూత్‌గా వదిలింది. దాని ముందు ఫోర్కు ఈ కాలపు పిల్లలు చూసి ఉండరు. ఇప్పటి బళ్ళకి ఉన్నట్టు ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం దిగే షాకులు కాదు. ముందు చక్రాన్ని ఒక ఊగే చట్రం పట్టుకుని ఉంటది, ఆ చట్రానికి రెండు పక్కలా వెనక షాకుల్లాంటి షాకులు. బ్రిటన్‌లో ఎర్నీ ఎర్ల్స్ అనే ఇంజినీరు పేరు మీద ఈ రకాన్ని ఎర్ల్స్ ఫోర్కు అంటారు. బీఎండబ్ల్యూ కూడా 1955 నుంచి 1969 దాకా ఇదే వాడింది. ముందు బ్రేకు నొక్కితే మామూలు బండి ముక్కు కిందికి వంగుద్ది, దీని ముక్కు పైకి లేస్తది. గుంటల్లో మెత్తగా పోతది. బరువెక్కువ, పిన్నులు, బుష్షులు ఎక్కువ. అరిగితే చక్రం పక్కలకి కొట్టుకుంటది. గుద్దితే అంతే సంగతులు, చట్రం వంకరపోతే సాఫు చేయడం అందరి వల్లా కాదు.

మా బండి అలా గుద్దిందే. మొదటి యజమాని మా ఊరి కామందు. ఆయన కొడుకు కాలవ కట్ట మీద తూము దిమ్మకి కొట్టాడు. ముందు భాగం నుజ్జయింది. బాగుచేయించే ఓపిక లేక గొడ్ల సావిట్లో పడేశారు. తర్వాత తెనాలి మెకానిక్కు ఒకాయన ఇనుము రేటుకి కొన్నాడు. 1986లో మా నాన్న ఆ మెకానిక్కు దగ్గర వాయిదాల మీద కొన్నాడు. నాన్న అప్పటికి ఎలిమెంటరీ స్కూలు టీచరు. రోజుకి ఎనిమిది మైళ్ళు సైకిలు తొక్కి బడికి పోయేవాడు.

ముందు ఫోర్కుని ఏదో విధంగా వంకర తీసి, అదే డూము, అదే హ్యాండిలుతో బండి ఊళ్ళోకి తెచ్చాడు. మర్నాడే కబురొచ్చింది. కామందు అరుగు మీద కూర్చుని అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటాం. "మేష్టారూ, నువ్వు కొన్నది ఇనుము. దాని మొహాన ఉన్నది మా పేరు." మామూలుగా పేరు లేకుండా పిలిచే మనిషి ఆ రోజు మేష్టారూ అన్నాడంటే ఎంత కోపమొచ్చి ఉండాలి. పెద్ద బజార్లో ఆ బండి మీద కూర్చుని రావద్దు, కావాలంటే ఇంజను ఆపి తోసుకుని పొమ్మన్నాడు. నాన్న సరేనండి అన్నాడు. డూము మీద అక్షరాలు ఆ రాత్రే పేడు గీకినట్టు గీకేశాడు. గీకినా గుర్తు పోలేదు. రంగు పోయింది గానీ అక్షరాల గాట్లు మిగిలాయి. పైగా ఆ ఫోర్కున్న రాజ్‌దూత్ మా చుట్టుపక్కల అదొక్కటే. పేరు చెరిపినా మొహం ఆయనదే.

దాంతో నాన్న మొహమే మార్పించాడు. తెనాలిలో యెజ్డి ముందు ఫోర్కు సెకండ్‌హ్యాండ్‌ది దొరికింది. యెజ్డి కాడ రాజ్‌దూత్ మెడలోకి సరిగ్గా కూర్చోదు. లేత్ మీద బుష్షులు కోయించి కూర్చోబెట్టారు. డూము వేరేది, హ్యాండిలు వేరేది, కొంచెం పొడుగు. ఎర్ర బండికి నీలం రంగు కొట్టించాడు. 1987లో ఆర్సీలో కూడా నీలం అని రాయించుకున్నాడు. అలా మార్చిన బండి మీద, ఇంజను ఆపకుండా, పెద్ద బజార్లోంచి బడికి పోయాడు. ఇది మీ బండి కాదు అని నోటితో అనాల్సిన పని లేకపోయింది. మొదటి వారం మా పల్లె కుర్రాళ్ళు నలుగురు సైకిళ్ళ మీద వెనక పోయారు, ఏమన్నా జరుగుద్దేమో అని.

ఆ ఏడాదుల్ని ఒకసారి గుర్తు చేసుకోండి. 1985 జులై 17న కారంచేడు. ఆరుగుర్ని చంపారు. మాదిగపల్లె మొత్తం చీరాల వచ్చి శిబిరం వేసుకుంది. అందులోంచే దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు ఊరూరా తిరిగారు. సరిగ్గా అదే సమయంలో జపాను బళ్ళు దిగాయి. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ100, అదే ఏడాది చివర యమహా ఆర్‌ఎక్స్100. తేలికైనవి, పెట్రోలు తక్కువ తాగేవి. డబ్బున్నవాళ్ళు వాటికి ఎగబడ్డారు. వాళ్ళ పాత బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు, యెజ్డిలు షెడ్లకి చేరాయి. షెడ్లలోంచి మా పల్లెలకి వచ్చాయి. రిజర్వేషన్ మీద టీచరు, గ్యాంగ్‌మన్, లైన్‌మన్, పోస్ట్‌మన్ ఉద్యోగాలు వచ్చిన మొదటి తరం మాది. వాళ్ళు కొన్న మొదటి మోటారు సైకిళ్ళు ఇవే. కొత్తవి కావు, గుద్దినవి, సగం విరిగినవి. అందుకే మా దగ్గర మార్చని బండి దాదాపు ఉండదు. సరదాకి మార్చినవి కాదు, అలాగే దొరికాయి.

ఒళ్ళు ఎక్కడ ఉండాలి, కాలు ఎక్కడ పెట్టాలి అనేదే వాళ్ళకి ఎప్పుడూ గొడవ. చుండూరులో మొదలైంది ఏంటి? సినిమా హాల్లో కాలు తగిలింది. చదువుకున్న కుర్రాడు, ముందు సీటు, కాలు. దాని మీద పెరిగి పెరిగి 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని పొలాల్లో తరిమి నరికి, గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. తెనాలికి పక్కనే. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ ఆగస్టులో మా నాన్న బండి నెల రోజులు బయటికి తీయలేదు. టీచర్లందరూ బస్సులో పోయారు. బండి మీద ఒంటరిగా కాలవ కట్టన పోతే ఏమవుద్దో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

సరే, వసారాకి వద్దాం. 1986లో వేసిన ఆ యెజ్డి ఫోర్కు ఇప్పుడు పనికిరాదు. నిజాంపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి లోపలి గొట్టాల మీద క్రోమియం పొక్కిపోయి గుంటలు పడ్డాయి. ఆ గుంటలు పైకీ కిందికీ ఆడినప్పుడల్లా ఆయిల్ సీలుని కోసేస్తాయి. ఎన్ని సీళ్ళు మార్చినా ఆయిలు కారుద్ది, కారిన ఆయిలు బ్రేకు మీద పడుద్ది. గొట్టాలు మార్చాలి. ఎలాగూ మారుస్తున్నప్పుడు పోలండ్ ఫోర్కు వెతికి తెచ్చి వేయొచ్చు, లేదా నాన్న వేసిన దారిలోనే పోవచ్చు. నేను రెండోది ఎంచుకున్నాను.

చేసుకునేవాళ్ళ కోసం పని కాస్త వివరంగా చెబుతాను. ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాలి. డూము, కేబుళ్ళు, హ్యాండిలు విప్పి, పై నట్టు తీస్తే ఫోర్కు మొత్తం కిందికి దిగుద్ది. దిగేటప్పుడు కోన్ సెట్టులో గోళీలు రాలతాయి. కింద తెల్ల గుడ్డ పరవండి, లెక్కపెట్టుకోండి. పాత కప్పుల్లో గోళీలు ఒకేచోట కూర్చుని గుంటలు చేసి ఉంటాయి. వేలు పెట్టి తిప్పితే తెలుసుద్ది. గుంటలుంటే కప్పులు మార్చాల్సిందే, గ్రీజు రాసి సరిపెట్టుకుంటే హ్యాండిలు నేరుగా ఉన్నచోట పట్టేస్తది. బిగించాక చూసుకునే పద్ధతి ఇది. చక్రం గాల్లో ఉండగా ఫోర్కు కింది కొసలు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమనకూడదు. హ్యాండిలు మధ్యలోంచి కొద్దిగా పక్కకి నెట్టి వదిలితే దాని బరువుకి అదే పోయి వాలాలి.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకు ప్లేటు. ముందు బ్రేకు నొక్కినప్పుడు ఆ ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోవాలని చూస్తది. దాన్ని ఆపడానికి ఎర్ల్స్ ఫోర్కులో ఒక కడ్డీ ఉంటది. గొట్టాల ఫోర్కులో అయితే గొట్టం మీద ఒక దిమ్మ ఉంటది, ప్లేటుకున్న గాడి అందులో కూర్చుంటది. ఒక బండి చక్రం ఇంకో బండి ఫోర్కుకి వేసినప్పుడు ఈ రెండూ కలవవు. 1986లో మెకానిక్కు రాజ్‌దూత్ ప్లేటునే ఉంచి, ఒక పట్టీ వెల్డింగ్ చేసి సర్దాడు. విప్పి చూస్తే ఆ వెల్డింగు దగ్గర వెంట్రుకంత పగులు. అది ఊడిన రోజు ప్లేటు గిర్రున తిరిగి కేబులు చుట్టుకుని చక్రం కరిచి పట్టుద్ది, మనిషి హ్యాండిలు మీదుగా పోతాడు. అందుకే ఈసారి హబ్బు, ప్లేటు, చక్రం మొత్తం యెజ్డివే వేశాను. ఫోర్కు ఏ బండిదో బ్రేకు ఆ బండిదే. దీంట్లో మాత్రం కక్కుర్తి పనికిరాదు. రెండు కాళ్ళలోనూ ఆయిలు సరిసమానంగా పోయాలి. హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిప్పి ట్యాంకుకి తగులుతుందేమో, కేబులు లాగుతుందేమో చూడాలి. పూర్తిగా తిప్పినప్పుడు ఇంజను స్పీడు దానంతటదే పెరిగితే యాక్సిలేటర్ కేబులు పొట్టిదని అర్థం.

కొత్త ఫోర్కు పొడుగు వల్ల బండి ముందు వైపు రెండు వేళ్ళ ఎత్తు లేచింది. ముక్కు లేస్తే ఫోర్కు ఇంకొంచెం ముందుకి వాలినట్టు అవుద్ది. అప్పుడు నేరుగా పోయేటప్పుడు బండి నిలకడగా ఉంటది, బజార్లో మెల్లిగా తిప్పేటప్పుడు బరువుగా ఉంటది. రెండు వేళ్ళకి పెద్ద తేడా రాదు. ఈ వాలుని అడ్డగోలుగా పెంచితే అమెరికా చాపర్ అవుద్ది.

చాపర్ అనగానే మీకు గుర్తొచ్చేది 1969 నాటి 'ఈజీ రైడర్' సినిమా. పొడవాటి ఫోర్కు, అమెరికా జెండా రంగుల ట్యాంకు. ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న మార్చిన మోటారు సైకిలు అదే. దాని మీద కూర్చున్న పీటర్ ఫోండా పేరు అందరికీ తెలుసు. చేసిందెవరో తెలుసా? ఇద్దరు నల్లవాళ్ళు. పని నడిపించింది క్లిఫ్ వాస్, కట్టింది లాస్ ఏంజెలెస్‌లో షెడ్డు నడిపే బెన్ హార్డీ. పోలీసులు వాడి వేలం వేసిన పాత హార్లీలు కొని వాటిని కోసి ఆ బళ్ళు చేశారు. సినిమాలో ఇద్దరి పేర్లూ వేయలేదు. దశాబ్దాల పాటు ఆ బళ్ళ కర్తలుగా వాళ్ళని ఎవరూ చెప్పుకోలేదు. క్లిఫ్ వాస్ మెకానిక్కు మాత్రమే కాదు. ఎస్.ఎన్.సి.సి. అనే విద్యార్థి పౌరహక్కుల సంఘంలో పనిచేశాడు. 1964లో మేరీలాండ్‌లోని కేంబ్రిడ్జిలో జరిగిన నిరసనలో నేషనల్ గార్డు సైనికులు ఆయన్ని లాక్కుపోతుంటే డానీ లయన్ తీసిన ఫోటో ఉద్యమ చరిత్రలో మిగిలిపోయింది. నల్లవాడు రోడ్డెక్కితేనే ప్రాణం మీదికొచ్చే దక్షిణ రాష్ట్రాల్లో ఆయన చాపర్ వేసుకుని తిరిగాడు. బెన్ హార్డీ 1994లో, క్లిఫ్ వాస్ 2016లో పోయారు. పోలీసుల పాత బండిని కోసి తన మొహం పెట్టుకున్నవాడికీ, కామందు పాత బండికి యెజ్డి మొహం పెట్టుకున్న మా నాన్నకీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తెలిసుంటే ఇద్దరూ మాట్లాడుకోవడానికి చాలా ఉండేది.

ఇప్పుడు ఒరిజినల్ సంగతి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, రెన్యువల్‌కి 5,000. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. బండి మొదట్లో ఎలా ఉందో అలాగే ఉండాలి, ఛాసిస్సులో, బాడీలో, ఇంజనులో చెప్పుకోదగ్గ మార్పు చేసి ఉండకూడదు. రోజువారీ రోడ్డు మీద నడపకూడదు. ఈ వాక్యాలు రాసినవాళ్ళకి దురుద్దేశం ఉందని నేను అనను. కానీ చదివి చూడండి. 50 ఏళ్ళ కిందట కొత్త బండి కొనగలిగి, షెడ్డులో గుడ్డ కప్పి, దాంతో పని చేయించాల్సిన అవసరం లేనివాడి బండి మాత్రమే చరిత్ర అవుద్ది. మూడో చేతికి వచ్చి, విరిగి, అతికి, రోజూ బడికి పోయిన బండి చరిత్ర అవ్వదు. వారసత్వం అనే మాటని ఎక్కడ వాడినా ఇదే తంతు. మచ్చలేనిది, మారనిది, పరాయి చేయి పడనిది గొప్పదంట. ఈ మాటలు మనం వేరేచోట కూడా విన్నాం కదా.

చట్టం పరంగా జాగ్రత్త చెప్పడం నా బాధ్యత. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. చాపర్ల మోజులో ఛాసిస్సు మెడ కోసేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. నేను ఛాసిస్సు జోలికి, ఇంజను జోలికి పోలేదు. నీలం రంగు ఆర్సీలో ఉన్నదే. వీఏ నంబరుకి మాత్రం దరఖాస్తు పెట్టను. అయిదేళ్ళకోసారి మామూలు రెన్యువలే చేయించుకుంటాను, రోడ్డు మీద తిప్పుకుంటాను.

నాన్న విప్పించిన పాత పోలండ్ ఫోర్కు, వంకర చట్రంతో సహా, ఇన్నాళ్ళూ మా అటక మీదే ఉంది. హైదరాబాదు నుంచి పాత బళ్ళు సేకరించే ఒకాయన నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఆయనకి ఒరిజినల్ కావాలి. ఇచ్చేస్తున్నాను. వచ్చే డబ్బుతో ముందు టైరు, సీళ్ళు వస్తాయి. దాంతో పాటు కామందు డూము కూడా ఇమ్మన్నాడు. అది కుదర్లేదు. మా అమ్మ దాంట్లో మట్టి పోసి కొత్తిమీర వేసింది.

వచ్చే ఆదివారం 5వ భాగం: రేపల్లె రైలు, మూడో తరగతి పెట్టె.

జై భీమ్.